మైక్రోస్కోపుకు గది కావాలి

ఇల్లు కట్టుకునేటప్పుడు వంటగది ఏ మూల రావాలి, మెట్లు ఎటువైపు ఉండాలి, నీళ్ల తొట్టి ఎక్కడ కట్టాలి అని పెద్దలు ముందే లెక్క వేసుకుంటారు. గోడలు లేచిన తరువాత వంటగదిని మార్చడం ఎంత కష్టమో వారికి తెలుసు. పరిశోధనశాల కట్టేటప్పుడు కూడా ఇలాంటి ప్రశ్నలే వస్తాయి. వాటిలో చాలా చిక్కయిన ప్రశ్న ఒకటుంది: మైక్రోస్కోపులను ఏ గదిలో పెట్టాలి?

"ఇందులో చిక్కేముంది? మా బడిలో సూక్ష్మదర్శినిని బీరువాలోంచి తీసి, కిటికీ దగ్గర బల్లమీద పెడతారు. కింది అద్దాన్ని వెలుతురువైపు తిప్పితే చాలు" అని మీరు అనవచ్చు. నిజమే. ఉల్లిపొరలో కణాలను చూడటానికి అంతే చాలు. కాని పరమాణువుల వరుసలను చూపే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు అలా బల్లమీద పెట్టే వస్తువు కాదు. అది మనిషికన్నా ఎత్తుగా, టన్నుకు పైగా బరువుతో ఉంటుంది. వెల కోట్ల రూపాయల్లో ఉంటుంది. తప్పు గదిలో పెడితే అంత వెల పోసి కొన్న యంత్రం కూడా మసక బొమ్మలే ఇస్తుంది. అందుచేత గది ఎంపిక కూడా ఒక విజ్ఞానశాస్త్ర సమస్యే. దానిని మనమే పరిష్కరించి చూద్దాం.

ఎంత చిన్నవాటిని చూడాలి?

కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 400 నుంచి 700 నానోమీటర్లు. ఒక మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే అందులో ఒక భాగం నానోమీటరు. సాధారణ కాంతి మైక్రోస్కోపులో ఎంత మంచి కటకం వాడినా, సుమారు 200 నానోమీటర్లకన్నా దగ్గరగా ఉన్న రెండు చుక్కలు కలిసిపోయి ఒక్కటిగా కనిపిస్తాయి. ఈ హద్దును 1873లో జర్మన్ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ అబే వివరించాడు.

1931లో బెర్లిన్‌లో ఎర్నెస్ట్ రుస్కా, మాక్స్ నోల్ కాంతికి బదులు ఎలక్ట్రాన్లను వాడి బొమ్మను పెద్దది చేసే యంత్రాన్ని తయారు చేశారు. లక్ష వోల్టులతో పరుగెత్తించిన ఎలక్ట్రాన్ తరంగదైర్ఘ్యం సుమారు 0.0037 నానోమీటర్లే. నేటి మంచి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులు 0.1 నానోమీటరు దాకా వివరాలు చూపగలవు. అది దాదాపు ఒక పరమాణువు పరిమాణం. మరి అంత సన్నని వివరం చెదరకుండా ఉండాలంటే యంత్రం ఎంత నిశ్చలంగా ఉండాలో ఊహించండి.

నేల కదులుతుందా?

మన కాళ్ల కింద నేల స్థిరంగా ఉందనుకుంటాం. అది ఎంతవరకు నిజమో మీరే పరీక్షించవచ్చు. ఎండ పడే చోట నేలమీద ఒక వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి ఉంచండి. నీటిమీద పడిన ఎండ పైకి మళ్లి, గోడమీదనో కప్పుమీదనో వెలుగు మచ్చగా కనిపిస్తుంది. నీటివైపు చూడకండి, కళ్లకు ప్రమాదం. మచ్చనే చూడండి. గాలి తగలకుండా తలుపులు, కిటికీ రెక్కలు వేసి, ఎండ అద్దంలోంచి మాత్రమే వచ్చేలా చూసుకోండి. నీరు నిలకడకు వచ్చాక ఒక స్నేహితుణ్ణి పక్కనుంచి నడవమనండి. ఆపైన తలుపు గట్టిగా వేయమనండి. మచ్చ వణుకుతుంది. ఇదే ప్రయోగం మేడమీది గదిలో చేసి, రెండింటినీ పోల్చండి.

వాహనాలు, రైళ్లు, నీళ్ల మోటార్లు, లిఫ్టులు, మనుషుల అడుగులు అన్నీ నేలను కదిలిస్తూనే ఉంటాయి. ఈ కంపనాలను కొలవడానికి ఇంజనీర్లు నేల కదిలే వేగాన్ని లెక్కిస్తారు. 1980ల తొలి సంవత్సరాల్లో ఎరిక్ ఉంగర్, కాలిన్ గోర్డన్ అనే ఇంజనీర్లు సున్నితమైన పరికరాల గదులకు ఒక కొలబద్దను రూపొందించారు. ఇప్పటికీ దానినే వాడుతున్నారు. దీన్ని గుర్తుంచుకోవడం సులువు. కర్మాగారంలో సెకనుకు 800 మైక్రోమీటర్ల వేగం వరకు ఫరవాలేదు. సగం చేస్తే 400, అది ఆఫీసుకు. మళ్లీ సగం 200, పగటి పూట ఇళ్లకు. మళ్లీ సగం 100, ఆపరేషన్ గదికి. ఇంకా సగం చేస్తే వచ్చే 50, వస్తువును 400 రెట్లు పెద్దదిగా చూపే మైక్రోస్కోపుకు. వెయ్యి రెట్లు చూపేదానికి 25 కావాలి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులకు 6.25 లేదా అంతకన్నా తక్కువ. అంటే ఆఫీసు గదికన్నా 64 రెట్లు నిశ్చలమైన గది కావాలన్నమాట!

ఇక్కడ మీకొక అనుమానం రావాలి. సెకనుకు 6.25 మైక్రోమీటర్ల వేగంతో, సెకనుకు 8 సార్లు ఊగే నేల ఎంత దూరం జరుగుతుంది? వేగాన్ని 2π తోను, సెకనుకు ఊగే సంఖ్యతోను భాగించాలి. సుమారు 0.125 మైక్రోమీటరు, అంటే 125 నానోమీటర్లు వస్తుంది. అది వందల పరమాణువుల వెడల్పు. అలాంటప్పుడు పరమాణువులు ఎలా కనిపిస్తాయి?

జవాబు పడవలో ఉంది. పడవ ఊగుతున్నా అందులో కూర్చున్న ఇద్దరూ ఒకరికొకరు అంతే దూరంలో ఉంటారు. అలాగే మైక్రోస్కోపులో చూడవలసిన నమూనా, కటకాలు అన్నీ కలిసి ఒకే ముద్దలా కదిలితే బొమ్మ చెదరదు. నమూనా ఒక తీరుగా, కటకం మరొక తీరుగా కదిలినప్పుడే చెదురుతుంది. అందుకే ఈ యంత్రాలను చాలా బిగువుగా, బరువుగా తయారు చేసి, అడుగున గాలి దిండ్లలాంటి స్ప్రింగులు పెడతారు. అవి వేగంగా వచ్చే కంపనాలను బాగా అడ్డుకుంటాయి. నిదానంగా, సెకనుకు రెండు మూడు సార్లు వచ్చే ఊపులను అంతగా ఆపలేవు. ఆ పని గదే చేయాలి.

నులకమంచం పాఠం

నులకమంచం మధ్యలో కూర్చుంటే అది బాగా కుంగుతుంది. పట్టె దగ్గర కూర్చుంటే అంతగా కుంగదు. మేడమీది స్లాబు కూడా అలాంటిదే. నాలుగు స్తంభాల మధ్యభాగం ఎక్కువగా, స్తంభాల దగ్గర తక్కువగా కదులుతుంది. మనిషి నడకలో సెకనుకు సుమారు రెండు అడుగులు పడతాయి. ప్రతి స్లాబుకు తనదైన సహజ పౌనఃపున్యం ఉంటుంది. ఉయ్యాలను సరైన సమయంలో తోస్తే చిన్న తోపుకే పెద్దగా ఊగినట్లు, అడుగుల లయ స్లాబు లయతో కలిస్తే కంపనం పెరుగుతుంది. 1831లో ఇంగ్లండులో మాంచెస్టరు దగ్గర బ్రాటన్ వంతెనమీద సైనికులు కదం తొక్కుతూ నడిచినప్పుడు అది కూలిపోయింది. ఆ తరువాత వంతెనలమీద సైనికులు అడుగులు కలపకుండా నడవాలనే నియమం వచ్చింది.

నేలమీద నేరుగా పోసిన కాంక్రీటుకు ఈ బాధ తక్కువ. దాని కింద అంతటా భూమే మోస్తుంది. అందుచేత ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకు మొదటి నియమం: పై అంతస్తు వద్దు, భూమిని ఆనుకున్న అంతస్తు కావాలి. భూమిలోనూ తేడాలున్నాయి. గోదావరి, కృష్ణా డెల్టాల ఒండ్రుమట్టి వంటి మెత్తని నేల నిదానమైన ఊపులను పెంచుతుంది. హైదరాబాదు చుట్టుపక్కల ఉన్న నల్లరాతి నేల వంటి గట్టి శిల అంతగా కదలదు. ఇంగ్లండులో డేర్స్‌బరీ దగ్గర ఉన్న సూపర్‌స్టెమ్ అనే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుల ప్రయోగశాలను ఇసుకరాయి పునాదిమీద ప్రత్యేకంగా కట్టడానికి కారణం ఇదే.

కనబడని అయస్కాంతం

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో గాజు కటకాలు ఉండవు. తీగచుట్టల అయస్కాంత క్షేత్రాలే కటకాలుగా పనిచేసి ఎలక్ట్రాన్లను వంచుతాయి. అయితే అయస్కాంతమన్నాక అది తన యంత్రానిదా, పక్క గదిలోనిదా అని ఎలక్ట్రాన్ చూడదు. ఏది తగిలినా వంగుతుంది. మన కరెంటు సెకనుకు 50 సార్లు దిశ మారి మళ్లీ మారుతుంది కదా. దానివల్ల పుట్టే క్షేత్రం ఎలక్ట్రాన్ పుంజాన్ని సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊపుతుంది. నమూనాను గీత తరువాత గీతగా చదివే స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో అప్పుడు నిటారు అంచు కూడా రంపపు పళ్లలా కనిపిస్తుంది.

ఒక లెక్క చేద్దాం. 10 ఆంపియర్ల కరెంటు పోయే ఒంటరి తీగ నుంచి ఒక మీటరు దూరంలో అయస్కాంత క్షేత్రం 2 మైక్రోటెస్లాలు. మన ప్రాంతంలో భూమి క్షేత్రం సుమారు 40 మైక్రోటెస్లాలు. సున్నితమైన ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకు మారే క్షేత్రం 0.1 మైక్రోటెస్లా మించకూడదని, కొన్నింటికి అంతకన్నా తక్కువ ఉండాలని తయారీదారులు కోరతారు. ఒంటరి తీగయితే ఈ హద్దు చేరడానికి 20 మీటర్ల దూరం పోవాలి. అదే, వెళ్లే తీగను, తిరిగి వచ్చే తీగను ఒక సెంటీమీటరు ఎడంతో పక్కపక్కనే వేస్తే? రెండింటి క్షేత్రాలు ఒకదానికొకటి ఎదురై, మీటరు దూరంలో 0.02 మైక్రోటెస్లాకు దిగుతుంది. నూరోవంతు! జంట తీగలను పెనవేస్తే ఇంకా తగ్గుతుంది. తీగలు సరిగా వేయని భవనాల్లో కొంత కరెంటు తన తీగలో తిరిగి రాకుండా నీటి గొట్టాల ద్వారా, ఇనుప చువ్వల ద్వారా తిరుగుతుంది. అప్పుడు ఆ జంట చెడిపోయి, ఒంటరి తీగ పరిస్థితి వస్తుంది.

కరెంటు లేకపోయినా చిక్కు రావచ్చు. బల్లమీద దిక్సూచి ఉంచి, ఒక ఇనుప కుర్చీని దాని పక్కనుంచి జరపండి. ముల్లు కదులుతుంది. లిఫ్టు అంటే పైకీ కిందికీ తిరిగే పెద్ద ఇనుప పెట్టె. బస్సు అంటే రోడ్డుమీద నడిచే ఇనుప గది. అవి కదిలినప్పుడల్లా చుట్టూ ఉన్న భూమి క్షేత్రం కొద్దిగా మారుతుంది. కాబట్టి రెండో నియమం: లిఫ్టు, ట్రాన్స్‌ఫార్మరు, కరెంటు బోర్డుల గది, వాహనాలు నిలిపే చోటు మైక్రోస్కోపుకు దూరంగా ఉండాలి.

వేడి, గాలి, చప్పుడు

ఒక మీటరు ఉక్కు కడ్డీ ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే 12 మైక్రోమీటర్లు పెరుగుతుంది. అంటే 12,000 నానోమీటర్లు. ఈ జరుగుబాటును స్ప్రింగులు ఆపలేవు. అందుచేత గది ఉష్ణోగ్రత గంటలో డిగ్రీలో పదో వంతు కూడా మారకూడదని అడుగుతారు. ఎండ పడే గోడ, పడమటి కిటికీ పనికిరావు. కూర్చున్న మనిషి కూడా సుమారు 100 వాట్ల బల్బులా వేడినిస్తాడు. కాబట్టి చాలా చోట్ల పరిశోధకులు పక్కగదిలో కూర్చుని, అక్కడినుంచే యంత్రాన్ని నడుపుతారు.

చల్లబరచడానికి ఏసీ పెడితే అది విసిరే గాలి యంత్రాన్ని తోస్తుంది, దాని చప్పుడు యంత్రాన్ని వణికిస్తుంది. అందుకే గాలిని చాలా నెమ్మదిగా వదులుతారు, లేదా గోడలమీద చల్లని నీటి పలకలు అమరుస్తారు. పంపులు, నీటిని చల్లబరచే యంత్రాలు గోడకు అవతల వేరే గదిలో ఉంటాయి.

అయితే నేలమాళిగలో పెడదామా?

ఇంతవరకు చదివాక "భూమి లోపల నేలమాళిగే మంచిది" అని మీకు తోచి ఉంటుంది. చాలామంది ఇంజనీర్లకు కూడా మొదట తోచేది అదే. రోడ్డు చప్పుడుకు, ఎండకు అది దూరం. కాని మన భవనాల్లో నేలమాళిగలో ఇంకెవరు కాపురముంటారు? నీళ్ల మోటార్లు, కరెంటు బోర్డులు, జనరేటరు, వాహనాలు!

వరద సంగతి మరీ ముఖ్యం. 2001 జూన్‌లో అలిసన్ అనే తుఫాను అమెరికాలోని హ్యూస్టన్ నగరాన్ని ముంచెత్తినప్పుడు అక్కడి వైద్య కళాశాలల నేలమాళిగల్లోకి నీరు చేరింది. కరెంటు వ్యవస్థలు మునిగాయి, వేలాది ప్రయోగ జంతువులు చనిపోయాయి, ఏళ్ల తరబడి చేసిన పరిశోధనలు పోయాయి. 2012 అక్టోబరులో శాండీ తుఫాను వచ్చినప్పుడు న్యూయార్కులో ఒక వైద్య పరిశోధనశాల నేలమాళిగకు ఇదే గతి పట్టింది.

మరో ప్రమాదం ద్రవ నైట్రోజన్. మైక్రోస్కోపుల్లో కొన్ని భాగాలను చల్లబరచడానికి దీన్ని వాడతారు. ఒక లీటరు ద్రవం ఆవిరైతే దాదాపు 700 లీటర్ల వాయువు అవుతుంది. గాలి ఆడని గదిలో అది ఆక్సిజన్‌ను పక్కకు నెట్టేస్తుంది. రంగు, వాసన లేని వాయువు కనుక లోపలివారికి తెలియకుండానే స్పృహ తప్పవచ్చు. నేలమాళిగలో పెడితే గాలి బయటికి పోయే మార్గం, ఆక్సిజన్ తగ్గితే మోగే గంట తప్పనిసరి.

పొరుగు మారితే?

గది సరిగ్గా ఎంచుకున్నా పొరుగు మారవచ్చు. అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయం మధ్యనుంచి పోయే వాషింగ్టన్ అవెన్యూ మీద విద్యుత్ రైలు మార్గం వేయాలని తలపెట్టారు. రైలు కంపనాలు, దాని కరెంటు పుట్టించే అయస్కాంత క్షేత్రం తమ పరికరాలను చెడగొడతాయని విశ్వవిద్యాలయం 2009లో కోర్టుకు వెళ్లింది. 2010లో ఒప్పందం కుదిరింది. ప్రయోగశాలల దగ్గర కంపనాలను తగ్గించే విధంగా ప్రత్యేకమైన పట్టాల అమరిక చేయాలని, అయస్కాంత క్షేత్రాన్ని అదుపులో ఉంచాలని ఒప్పుకున్నారు. 2014 జూన్‌లో రైలు నడిచింది. ఊరికి రైలూ కావాలి, పరిశోధనా కావాలి. రెండూ ఇమడాలంటే ముందే కొలిచి, కూర్చుని మాట్లాడుకోవాలి.

నిశ్శబ్దపు గదులు

1981లో స్విట్జర్లాండులో జ్యూరిక్ దగ్గరి ఐబీఎం ప్రయోగశాలలో గెర్డ్ బినిగ్, హైన్‌రిక్ రోరర్ స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోపును తయారు చేశారు. సన్నని సూది మొనను వస్తువుకు నానోమీటరుకన్నా దగ్గరగా తెచ్చి, పరమాణువులను తడిమి చూసినట్లు చూసే యంత్రమది. కంపనాల బాధ తప్పించడానికి వారు తొలి పరికరాన్ని అయస్కాంత బలంతో గాలిలో తేలేలా చేశారు. పగటి అలజడి లేని రాత్రివేళల్లో పనిచేశారు. 1986లో వారిద్దరికీ, రుస్కాకూ కలిపి భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

రాత్రి మేలుకోనవసరం లేకుండా పగలే పనిచేయగల గదులు 2011లో అక్కడే వెలిశాయి. వారి పేరునే పెట్టిన కొత్త భవనంలో భూమి లోపల ఆరు నిశ్శబ్దపు గదులు కట్టారు. అందులో పరికరం పదుల టన్నుల కాంక్రీటు దిమ్మెమీద నిలబడుతుంది. దిమ్మె గాలి స్ప్రింగులమీద తేలుతుంది. బయటి అయస్కాంత క్షేత్రాన్ని అడ్డుకోవడానికి గోడలకు నికెల్, ఇనుము కలిసిన లోహపు రేకులు తొడిగారు. మిగిలిన క్షేత్రాన్ని తీగచుట్టలతో ఎదురు క్షేత్రం పుట్టించి రద్దు చేస్తారు. ఇవన్నీ భవనం నక్షాలోనే ఉన్నాయి, తరువాత అతికించినవి కావు.

ఇప్పుడు మీరే కమిటీ

ఒక కొత్త పరిశోధనశాల కడుతున్నారనుకుందాం. నక్షా ఇంకా కాగితం మీదే ఉంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకు అయిదు గదులు చూపించారు. ఏది ఎంచుకుంటారు?

అ) మూడో అంతస్తు మధ్య గది. జీవశాస్త్ర విభాగానికి ఆనుకుని ఉంది.
ఆ) కింది అంతస్తు ముందు గది. ఒక పక్క లిఫ్టు, 15 మీటర్ల దూరంలో బస్సుల రోడ్డు.
ఇ) నేలమాళిగ గది. పక్కనే కరెంటు బోర్డులు, నీళ్ల మోటార్లు. వాన నీరు చేరే అవకాశం ఉంది.
ఈ) కింది అంతస్తు పడమటి గది. పెద్ద కిటికీలు, మధ్యాహ్నమంతా ఎండ, గోడ వెనుక వాహనాలు నిలిపే చోటు.
ఉ) కింది అంతస్తులో వెనుక ఉత్తరపు మూల గది. రోడ్డుకు, లిఫ్టుకు దూరం. కాని గోడ అవతల జనరేటరు గది చూపారు.

ముందు మీరు ఒక గది ఎంచుకుని, ఆపైన చదవండి.

అ గదిలో స్లాబు ఊగుతుంది. ఆ గదిలో లిఫ్టు, బస్సుల ఇనుము చికాకు పెడతాయి. ఇ గదికి కరెంటు, కంపనం, నీరు మూడూ శత్రువులే. ఈ గదికి ఎండ, వాహనాలు. ఉ గది కూడా జనరేటరు వల్ల చెడ్డదే అని తోస్తుంది. అయితే తేడా చూడండి. రోడ్డును జరపలేం, స్లాబును భూమికి దించలేం. కాగితం మీద ఉన్న జనరేటరు గదిని మాత్రం రబ్బరుతో చెరిపి, ఆవరణ చివరన వేరే షెడ్డుగా గీయవచ్చు. ఇవాళ దానికి అయ్యే ఖర్చు ఒక కాగితం. గోడలు లేచిన తరువాత అయితే లక్షలు. అందుచేత ఉ గదే సరైనది.

అంతటితో పని అయిపోలేదు. స్థలంలో కనీసం ఒక రోజంతా, వీలయితే వారమంతా కంపనాలను, అయస్కాంత క్షేత్రాన్ని కొలవాలి. ఆదివారం మాత్రమే కొలిస్తే సోమవారపు బస్సులు లెక్కకు రావు. మైక్రోస్కోపు కింది కాంక్రీటు దిమ్మెను మిగతా నేలతో కలపకుండా, చుట్టూ సన్నని ఎడం విడిచి పోయాలి. మేస్త్రీ ఆ సందులో ఇటుక ముక్కలో, సిమెంటో పడనిస్తే వాటిగుండా కంపనం దాటి వస్తుంది, శ్రమంతా వృథా. యంత్రం లోపలికి వచ్చే దారిలో తలుపుల వెడల్పు, కప్పు ఎత్తు, నేల మోయగల బరువు కూడా ముందే చూడాలి.

మరి జీవశాస్త్ర విభాగంవారి మాట? బతికున్న కణాలను మోసుకుంటూ మూడు అంతస్తులు దిగితే అవి పాడవుతాయని వారంటారు. అదీ న్యాయమే. వారు రోజూ వాడే కాంతి మైక్రోస్కోపులకు ఇంతటి నిశ్చలత అక్కరలేదు. వాటిని మంచి బల్లలమీద, చీకటి చేయగల గదిలో, స్తంభానికి దగ్గరగా మూడో అంతస్తులోనే ఉంచవచ్చు. అన్నీ ఒకేచోట ఉంటే చూసుకునే నిపుణులకు సులువు, విడిగా ఉంటే వాడేవారికి సులువు. ఈ తూకం భౌతికశాస్త్రం ఒక్కటే చెప్పలేదు. వాడేవారిని, నడిపేవారిని కూర్చోబెట్టి అడగాలి.

ఆలోచించండి

1. మీ బడి నక్షా గీయండి. నీళ్ల మోటారు, కరెంటు మీటర్లు, మెట్లు, రోడ్డు గుర్తించండి. సున్నితమైన త్రాసు పెట్టడానికి ఏ గది మంచిది? ఎందుకు?
2. 20 ఆంపియర్ల కరెంటు పోయే ఒంటరి తీగ నుంచి ఎంత దూరంలో క్షేత్రం 0.1 మైక్రోటెస్లా అవుతుంది?
3. సెకనుకు 50 మైక్రోమీటర్ల వేగంతో, సెకనుకు 8 సార్లు ఊగే నేల ఎంత జరుగుతుంది?
4. పళ్లెం ప్రయోగాన్ని మేడ గదిలో రెండుచోట్ల, స్తంభం దగ్గర, గది మధ్యలో చేయండి. వెలుగు మచ్చ ఎక్కడ ఎక్కువగా వణికింది?

(జవాబులు: 2. 40 మీటర్లు. 3. సుమారు ఒక మైక్రోమీటరు.)